షియా, కోకో, మ్యాంగో బటర్లు: ఒంటికి ఏది, జుట్టుకి ఏది, రవ్వకట్టకుండా చేయడం ఎలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: షియా, కోకో, మ్యాంగో బటర్లు మూడూ సమానంగా తీసుకుని కరిగించి, కొంచెం కలబంద గుజ్జు కలిపి క్రీమ్ చేశారు. ఒంటికి, ముఖానికి, తలకి అదే వాడారు. వారం తిరిగేసరికి క్రీమ్ రవ్వరవ్వగా తయారైంది. బుగ్గల మీద మొటిమలు లేచాయి, జుట్టు జిగటగా వేలాడుతోంది, మాడు దురద పెడుతోంది. బటర్లు మీకు పడవా, లేక చేయడంలోనే ఏదైనా తప్పు జరిగిందా అన్నది మీ సందేహం.

ముందు సూటిగా జవాబు చెబుతాను. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే తప్పు బటర్లలో లేదు, వాటికి అప్పగించిన పనిలో ఉంది. ఒకే డబ్బా ఒళ్లంతటికీ పనికిరాదు. రవ్వ కట్టింది చల్లార్చిన తీరు వల్ల. మొటిమలకు, దురదకు కారణం చాలావరకు అది రాసిన చోటు. కలబంద గుజ్జు కలిసింది కాబట్టి ఆ డబ్బాను మాత్రం ఈరోజే పారేయండి. మిగిలిన బటర్లు దాచుకోండి, వాటితో మంచి పనులున్నాయి.

పన్నెండేళ్లుగా ఇంట్లోవాళ్లకీ తెలిసినవాళ్లకీ ఇవి చేసి ఇస్తున్నాను. ఎవరు ఏ ఇబ్బంది చెప్పినా ఒక విషయం దగ్గరే మొదలుపెడతాను. బటర్ అంటే పూర్తిగా కొవ్వు. అందులో నీటి చుక్క ఉండదు. కాబట్టి అది చర్మానికి తేమ ఇవ్వదు, ఉన్న తేమను పోనివ్వకుండా ఆపుతుంది, అంతే. గిన్నె మీద మూత లాంటిదన్నమాట. స్నానం చేసి, ఒళ్లు పొడిబారేలా తుడుచుకుని, గంట పోయాక బటర్ రాసుకుంటే ఖాళీ గిన్నె మీద మూత పెట్టినట్టే. పైన జిడ్డుగా ఉంటుంది, లోపల చర్మం లాగుతూనే ఉంటుంది. "ఎంత రాసినా పొడిగానే ఉందండీ" అని నాతో చెప్పినవాళ్లలో ఎక్కువమంది చేసిన పొరపాటు ఇదే. తువ్వాలుతో అద్దుకుని, ఒంటిమీద ఇంకా చెమ్మ ఉండగానే, రెండు మూడు నిమిషాల్లోపు రాయాలి. శనగగింజంత బటర్‌ను అరచేతుల మధ్య కరిగించి రాస్తే రెండు ముంజేతులకూ సరిపోతుంది. అంతకన్నా పట్టిందంటే ఎక్కువ తీసుకుంటున్నారని లెక్క.

ఇక ఏ బటర్ ఎలాంటిదో చూద్దాం. ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇది తెలిస్తే వేరేవాళ్ల కొలతల మీద ఆధారపడాల్సిన పని ఉండదు.

షియా చెట్టు ఆఫ్రికాలో, సహారాకి దిగువనున్న పొడి గడ్డిమైదానాల్లో పెరుగుతుంది. అక్కడి ఆడవాళ్లు గింజలను వేయించి, దంచి, ఆ ముద్దలో నీళ్లు పోసి చేత్తో బాగా గిలక్కొట్టి, పైకి తేలిన కొవ్వును తీస్తారు. శుద్ధి చేయని షియాకి పొగ వాసన, గింజ వాసన కలిసి ఉండేది అందుకే. ఆ వాసన చూసి పాడైపోయిందనుకుని పారేసినవాళ్లు నాకు తెలుసు. పాడైన షియా వాసన వేరు, మూతపెట్టి నెలల తరబడి మరిచిపోయిన పాత నూనె వాసన వస్తుంది. షియా గొప్పదనం ఎక్కడుందంటే, మామూలు మొక్కల నూనెల్లో సబ్బుగా మారని భాగం (క్షారంతో కలిపినా సబ్బు కాకుండా మిగిలేది, చర్మానికి మేలుచేసేవి ఇందులోనే ఉంటాయి) 1 శాతం అటూఇటూగా ఉంటే, షియాలో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. పగిలిన మడమలకి, మోచేతులకి నేను మొదట తీసేది దీన్నే. శుద్ధి చేస్తే రంగు, వాసనతో పాటు ఆ భాగంలో కొంత పోతుంది. వాసన అసలు పడనివాళ్లకు శుద్ధి చేసినదే ఇస్తాను, దాన్నీ తక్కువ చేయక్కర్లేదు.

కోకో బటర్ గట్టిది, గోరు దిగదు, విరిస్తే టప్పున విరుగుతుంది. కానీ 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి ఒంటిమీద పెట్టగానే జారుతుంది. పెదవుల బామ్‌కి, చేత్తో పట్టుకుని రుద్దుకునే కడ్డీలకి దీనికి సాటి లేదు. ఒంటి క్రీమ్‌లో మూడో వంతు వేస్తే మాత్రం మైనం పూసినట్టుంటుంది, మీకు జరిగింది కొంత అదే. 10, 15 శాతం చాలు.

మ్యాంగో బటర్ మామిడి టెంకలోని జీడి నుంచి వస్తుంది. దాదాపు వాసన ఉండదు, మెత్తగా సాగుతుంది, షియా కన్నా జిడ్డు తక్కువ. షియా వాసన నచ్చనివాళ్లకి ఇదే నా సలహా. మామిడికాయ సొన తగిలితే ఒంటిమీద దద్దుర్లు వచ్చేవాళ్లు మాత్రం ముందుగా మోచేతి మడతలో రాసి చూసుకోవాలి.

కోకం బటర్ మీ జాబితాలో లేదు, కానీ ఉండాల్సింది. పశ్చిమ కనుమల్లో పెరిగే చెట్టు గింజల నుంచి తీస్తారు. 38 నుంచి 42 డిగ్రీల మధ్య కరుగుతుంది కాబట్టి ఎండాకాలంలో క్రీమ్ నీళ్లుగా కారిపోకుండా నిలబెడుతుంది. ఇంత గట్టిగా ఉన్నా చర్మం మీద తేలిగ్గా, పొడి పొడిగా ఆరుతుంది. వేడి చోట ఉండేవాళ్లకి నేను కోకం లేకుండా ఏదీ చేయను.

అమెజాన్ అడవుల నుంచి వచ్చే మురుమురు అనే బటర్ సంగతి జుట్టు దగ్గర చెబుతాను. అక్కడిదే కుపువాసు, కోకోకి దగ్గరి చుట్టం, మెత్తన. బాగుంటుంది కానీ అది లేకపోతే ఏమీ ఆగిపోదు.

ఒక హెచ్చరిక. "అవకాడో బటర్", "బాదం బటర్", "అలోవెరా బటర్" అని దొరికేవి చాలావరకు నూనెను గట్టిపడే కొవ్వుతోనో, గడ్డకట్టించిన నూనెతోనో కలిపినవి. కలబందలో అసలు బటర్ అయ్యేంత కొవ్వే లేదు. హాని చేస్తాయని కాదు, పేరు చూసి ఎక్కువ ఆశపడకండి. లేబుల్ మీద పదార్థాల వరస చదివితే విషయం తెలిసిపోతుంది.

రవ్వ ఎందుకు కడుతుంది? షియాలో ఒకే రకం కొవ్వు ఉండదు. కొన్ని త్వరగా గడ్డకడతాయి, కొన్ని ఆలస్యంగా. నెమ్మదిగా చల్లారితే త్వరగా గట్టిపడేవి ఒకచోట చేరి పెద్ద పలుకులవుతాయి, మిగతాది వాటి చుట్టూ మెత్తగా ఉండిపోతుంది. గబగబా చల్లారిస్తే పలుకులు కట్టే వ్యవధి ఉండదు. కోకో ఇంకా సున్నితం. దాని కొవ్వు ఆరు రకాల పలుకులుగా గడ్డకట్టగలదు, ఒక్కో రకం ఒక్కో వేడి దగ్గర కరుగుతుంది.

ఇది చదివి నమ్మడం వేరు, చూడడం వేరు. ఒకసారి ఒకే గిన్నెలో కరిగించిన షియాను మూడు చిన్న గాజు సీసాల్లో పోశాను. ఒకటి గట్టు మీద వదిలేశాను, రెండోది ఫ్రిజ్‌లో పెట్టాను, మూడోదాన్ని ఐసునీళ్లలో నిలబెట్టి గట్టిపడేదాకా పుల్లతో కలుపుతూనే ఉన్నాను. మూడో రోజు మూడూ వేలితో తీసి చూశాను. గట్టు మీది సీసాలో పైపొర ముడతలు పడింది, రెండు వేళ్ల మధ్య నలిపితే నూకల్లా తగిలాయి. ఫ్రిజ్‌లోది అంచుల దగ్గర నున్నగా ఉంది, నడిమధ్య మాత్రం రవ్వ, మధ్యభాగం ఆలస్యంగా చల్లారింది కాబట్టి. ఐసునీళ్లలో కలిపినది అడుగుదాకా ఒకే తీరుగా, వేలు జారిపోయేంత నున్నగా ఉంది. ఆరోజు నుంచి నేను ఫ్రిజ్ ఒక్కదాన్నే నమ్ముకోవడం మానేశాను.

కాబట్టి ఇలా చేయండి. మరుగుతున్న నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి బటర్లను కరిగించండి, మంట మీద నేరుగా వద్దు. కరిగిపోయినట్టు కనిపించాక కూడా ఇంకో పది, పదిహేను నిమిషాలు అలాగే ఉంచండి. కంటికి కనిపించని పలుకు ఏదైనా మిగిలితే దాని చుట్టూనే మళ్లీ రవ్వ మొదలవుతుంది. తర్వాత నూనె కలిపి, గిన్నెను ఐసునీళ్లలో పెట్టి కలుపుతూనే ఉండండి. అంచులు తెల్లబడి, మధ్యలో చిక్కటి గంజిలా అయ్యాక బీటర్‌తో నాలుగైదు నిమిషాలు గిలక్కొడితే నురుగులా పొంగుతుంది. గిన్నెలోకి ఒక్క చుక్క ఐసునీళ్లు కూడా పడకుండా చూసుకోండి.

ఇప్పటికే రవ్వకట్టిన బటర్ పాడైనట్టు కాదు. అరచేతిలో నలిపితే పలుకులు కరిగిపోతాయి, గుణం ఏమీ తగ్గదు. మళ్లీ కరిగించి చల్లార్చుకోవచ్చు కూడా. మీ డబ్బాను పారేయమన్నది రవ్వ వల్ల కాదు, కలబంద వల్ల.

నీళ్ల విషయంలో నేను అస్సలు రాజీపడను. కొవ్వు ఒక్కటే ఉన్నంతసేపు సూక్ష్మజీవులు పెరగలేవు. కలబంద గుజ్జు, రోజ్ వాటర్, తేనె, పాలు, ఏదైనా కషాయం, వీటిలో ఏది కలిసినా లెక్క మారిపోతుంది. మొదటి సంవత్సరంలో నేనూ షియాలో తాజా కలబంద కలిపి ఒక స్నేహితురాలికి ఇచ్చాను. తొమ్మిదో రోజు తను మూత తీసి ఫోటో పంపింది. పైన తెల్లగా, మామూలుగానే ఉంది. మూత లోపలి అంచు వెంట మాత్రం ఆవగింజల్లో సగమంత బూడిదరంగు చుక్కలు వరసగా కనిపించాయి. బూజు. అప్పటికి ఆమె రోజూ రాసుకుంటోంది. ఆ చుక్కలు కనబడకపోయి ఉంటే ఇంకా రాసుకునేది. కంటికి కనిపించని బ్యాక్టీరియా అంతకన్నా ముందే చేరి ఉంటుంది, అది చిట్లిన చర్మం మీద పడితే ఇన్ఫెక్షన్ అవుతుంది.

చాలామంది "విటమిన్ ఇ వేశాను కదా" అంటారు. విటమిన్ ఇ ప్రిజర్వేటివ్ కాదు. గాలి తగిలి నూనె పాతబడడాన్ని అది ఆలస్యం చేస్తుంది. బూజునీ బ్యాక్టీరియానీ ఆపదు. సుగంధ తైలాలూ ఆపవు, ఆపగలిగేంత వేస్తే చర్మం మండిపోతుంది. నీళ్లున్న క్రీమే కావాలంటే నీళ్లూ నూనే విడిపోకుండా పట్టి ఉంచే ఎమల్సిఫైయర్, సరైన ప్రిజర్వేటివ్ రెండూ ఉండాలి. ఉదాహరణకి ఫినాక్సీఇథనాల్ వాడితే యూరప్ నిబంధనల ప్రకారం 1 శాతం దాటకూడదు. అది ఒక్కటే బూజును గట్టిగా ఆపలేదు, అందుకే ఇంకో పదార్థంతో కలిపిన మిశ్రమాలు దొరుకుతాయి. గ్రాములో పదో వంతు చూపించే కాటా లేకుండా ఆ పనిలోకి దిగకండి.

కలబంద మీద మీకు ఇష్టముంటే తేలిక దారి ఒకటుంది. ఆకు కోసి, కారే పసుపు రంగు సొనను పూర్తిగా పోనివ్వండి, అది చర్మాన్ని మండిస్తుంది. లోపలి గుజ్జును అప్పటికప్పుడు ఒంటికి రాసి, అది తడిగా ఉండగానే పైన బటర్ రాయండి. తేమా అందుతుంది, మూతా పడుతుంది, డబ్బాలో ఏమీ కుళ్లదు.

ముఖం సంగతికి వస్తే, మొటిమలు వచ్చే చర్మమైతే బుగ్గలకి, నుదుటికి బటర్లు వద్దు. కోకో బటర్‌కి రంధ్రాలు మూసేస్తుందన్న పేరుంది, షియాకి లేదు అని చాలాచోట్ల పట్టికలు కనబడతాయి. ఆ అంకెల్లో చాలావాటికి మూలం 1970, 80లలో కుందేలు చెవుల మీద చేసిన పరీక్షలు. మనిషి ముఖం అలాగే స్పందిస్తుందన్న హామీ లేదు, అందుకే పట్టికలో సున్నా ఉన్నది కూడా కొందరికి మొటిమలు తెస్తుంది. మీరు ఇప్పుడు ముఖానికి అన్నీ ఆపేయండి. తగ్గాక, చలికాలంలో పెదవుల చుట్టూ, ముక్కు పక్కల పొరలు లేచే చోట మాత్రమే మ్యాంగో బటర్ బియ్యపుగింజంత వాడి చూడండి.

ఇప్పుడు జుట్టు, మాడు. ఈ రెండూ వేరు వేరు. మాడుకి బటర్ రాయకండి. చుండ్రుకి కారణమైన మలసీజియా అనే ఫంగస్ తనకు కావలసిన కొవ్వును తాను తయారుచేసుకోలేదు, మన చర్మం మీది కొవ్వు తిని బతుకుతుంది. మాడుకి షియా పట్టించడమంటే దానికి పనిగట్టుకుని మేత వేయడమే. మా బంధువు ఒకావిడ తల దురదగా ఉందని రాత్రిళ్లు షియా మర్దన మొదలుపెట్టింది. మొదటి రెండు రోజులు పొట్టు కనబడలేదు, జిడ్డుకి అణిగిపోయింది. పదో రోజుకి చెవుల వెనక దాకా ఎర్రబడి, పసుపు పొలుసులు లేచాయి. బటర్ ఆపించి, కీటోకోనజోల్ షాంపూ డాక్టర్ రాసిస్తే మూడు వారాల్లో సర్దుకుంది. మీ దురదకు కూడా నా మొదటి అనుమానం ఇదే.

జుట్టు చివర్ల విషయం వేరు. అవి జీవం లేని పోగులు, రాపిడికి అరిగిపోతాయి. అక్కడ బటర్ పనికొస్తుంది, కానీ ఏ కొవ్వు అన్నది ముఖ్యం. 2003లో వచ్చిన ఒక పరిశోధన పత్రంలో కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చి చూశారు. జుట్టులోంచి ప్రోటీన్ పోవడాన్ని బాగా తగ్గించింది కొబ్బరి నూనె ఒక్కటే. దానిలో దాదాపు సగం ఉండే లారిక్ ఆసిడ్ చిన్న, నిటారైన అణువు కాబట్టి వెంట్రుక లోపలికి దూరగలదు. షియా, కోకో, మ్యాంగోల్లో ఉండే పొడవాటి కొవ్వులు పైనే పొరలా ఉండిపోతాయి. మురుమురులో కూడా దాదాపు సగం లారిక్ ఆసిడే, అందుకే జుట్టు కోసం బటర్ కొనాలంటే నేను దాన్నే ఎంచుకుంటాను.

ఒత్తుగా, రింగులుగా, బరువుగా ఉన్న జుట్టుకి, రంగు వేసి వేసి గరుకెక్కిన జుట్టుకి బటర్ బాగా నప్పుతుంది. పలచటి, సన్నటి జుట్టుకి ఏ బటరైనా బరువే. తలస్నానం చేశాక తడి చివర్లకి, చెవుల కిందినుంచి మాత్రమే, పెసరగింజంత రాసి చూడండి. బటర్ రాసిన జుట్టు మీద స్ట్రెయిట్‌నర్ పెట్టకండి. ఇప్పుడున్న జిగట పోవాలంటే, పొడి జుట్టుకే ముందు కండిషనర్ బాగా పట్టించి పది నిమిషాలు ఉంచండి, తర్వాత గోరువెచ్చటి నీళ్లతో రెండుసార్లు షాంపూ చేయండి. కొవ్వు కొవ్వుతో కలిసి వదులుతుంది. ఉత్త షాంపూతో నాలుగుసార్లు రుద్దడం కన్నా ఇది మేలు.

మిగిలిన బటర్లతో చేసుకోవడానికి నా కొలతలు రెండు ఇస్తున్నాను, రెండూ 100 గ్రాములకి.

ఒంటికి: షియా 45, కోకం 15, మీకు పడే ఏదైనా తేలికపాటి నూనె 35, మొక్కజొన్న పిండి 4, విటమిన్ ఇ 1. పిండి జిడ్డుతనాన్ని పీల్చుకుంటుంది, గిలక్కొట్టేటప్పుడు జల్లించి వేయండి. కోకం దొరక్కపోతే దాని బదులు మీ కోకో బటర్ వేయండి, కాకపోతే వేడికి కాస్త త్వరగా మెత్తబడుతుంది.

జుట్టు చివర్లకి: మ్యాంగో 30, కొబ్బరి నూనె 40, జొజోబా నూనె 29, విటమిన్ ఇ 1. దీనిలో పిండి వేయకండి, తెల్లగా పొట్టులా కనిపిస్తుంది.

సువాసన కావాలంటే మిశ్రమం 40 డిగ్రీలకి దిగాక, ఒంటికి 1 శాతం లోపు కలపండి. బెర్గమాట్ లాంటి కొన్ని నిమ్మజాతి తైలాలు రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలినట్టు మచ్చలు పడతాయి, వాటి జోలికి పోకండి. పసిపిల్లలకి, ఎగ్జిమా ఉన్నవాళ్లకి చేసేదాంట్లో నేను వాసన అసలు వేయను. కొత్తది ఏది చేసినా మోచేతి మడతలో రోజుకి రెండుసార్లు చొప్పున వారం పాటు రాసి చూశాకే ఒంటికి వాడండి. గింజలు, పప్పులు పడనివాళ్లకి ఇది మరీ ముఖ్యం.

రెండు ప్రచారాల గురించి కూడా చెప్పాలి, వీటివల్ల జనం నిజంగా నష్టపోతున్నారు. ఒకటి, షియా రాసుకుంటే ఎండ నుంచి రక్షణ అన్నది. దాన్ని నమ్మి సన్‌స్క్రీన్ మానకండి. రెండు, కోకో బటర్ రాస్తే గర్భిణులకి పొట్ట మీద చారలు రావన్నది. దీన్ని లెబనాన్‌లోనూ, జమైకాలోనూ గర్భిణుల మీద సక్రమంగా పరీక్షించి 2008, 2010లలో ఫలితాలు ప్రచురించారు. కోకో బటర్ లేని లోషన్ రాసినవాళ్లకీ, ఉన్నది రాసినవాళ్లకీ తేడా రాలేదు. లాగుతున్న చర్మానికి హాయిగా ఉంటుంది, ఆ హాయి కోసం తప్పకుండా రాయండి. చారలు వస్తే మాత్రం సరిగ్గా రాయలేదని ఎవరూ ఆ అమ్మాయిని అనకూడదు, తనూ అలా అనుకోకూడదు.

నిల్వ తేలికే. చిన్న డబ్బాల్లో, చీకటి చోట, పొడి చెంచాతో తీస్తూ వాడితే విటమిన్ ఇ వేసిన బటర్ నా దగ్గర ఆరు నెలలు బాగానే ఉంటోంది. స్నానాల గదిలో పెట్టకండి, తడి వేళ్లు పడతాయి. అక్కడే రాసుకుంటే నేల మీద పడ్డ బటర్‌ని వెంటనే సబ్బుతో కడగండి, మనిషి జారిపడేంత నునుపుగా ఉంటుంది.

మీరు ఈ వారం చేయాల్సింది తక్కువే. ముఖానికీ మాడుకీ బటర్ ఆపండి, జుట్టు పైన చెప్పినట్టు కడగండి, షియాను తడి ఒంటికి మాత్రం వాడుకోండి. రెండు వారాల్లో దురద తగ్గకపోయినా, మాడు మీద పొలుసులు లేచినా చర్మ డాక్టర్‌కి చూపించండి. కొత్త డబ్బా చేశాక మళ్లీ రవ్వ కడితే, ఎంతసేపు కరిగించారో, ఎలా చల్లార్చారో రాయండి, చూసి చెబుతాను.